మడత పెట్టకూడని కోటు

కాంతమ్మకు ఏదైనా చెప్పాలనిపిస్తే ఇంట్లో చెప్పదు, వీధి కుళాయి దగ్గర చెబుతుంది. ఇంట్లో వినేది కొడుకూ కోడలూ ఇద్దరే. కుళాయి దగ్గరైతే వేలూరు పక్కనున్న ఈ గుడియాత్తంలో సగం ఊరు వింటుంది. కోడలికి మూడోసారి కూడా కడుపు నిలవలేదని తెలిసినప్పటి నుంచి ఆమె బిందె నిండినా అక్కడి నుంచి కదలడం మానేసింది.

"ఆ ఎక్స్‌రే మిషనే మా కోడలి కడుపు కాల్చేసినాది. పొద్దస్తమానం ఆ రూములోనే గదా ఉండాది! పని ఇడిసిపెట్టు తల్లీ అంటే ఇంటాదా? మేస్త్రి పనోళ్ళు మీకేం తెలుస్తాది అంటాది" అని గొంతెత్తి చెప్పేది. ఆ చివరి మాట కోడలు హేమప్రియ ఎన్నడూ అనలేదు. కాంతమ్మ ఏది చెప్పినా ఉప్పూ కారం తన చేత్తోనే వేస్తుంది.

హేమప్రియ ఎక్స్‌రేలు తీసే స్కాన్ సెంటరుకు దారి ఆ కుళాయి పక్కనుంచే. ఆమె తల వంచుకుని పోయే రకం కాదు. "అత్తా, బిందె పొర్లిపోతా ఉండాది" అని ఒక్క మాట అని సాగిపోయేది. కానీ లోపల మాత్రం ఆ మాట ముల్లులా గుచ్చుకునేది. ఎందుకంటే అది అబద్ధమని కొట్టిపారేసే ధైర్యం ఆమెకూ లేదు. చెయ్యి విరిగి ఏడ్చే పిల్లల్ని తల్లులు పట్టుకోలేకపోతే, తొమ్మిదేళ్ళుగా తానే యాప్రాన్ వేసుకుని పట్టుకుంటూ వచ్చింది. ఆ కిరణాలు తన బిడ్డల్ని తినేశాయా? తినేశాయని తేలితే ఎవరూ చెప్పకుండానే ఆ పని మానేస్తుంది. తేలకపోతే మాత్రం ఎవరు చెప్పినా మానదు. తేల్చుకోవాలి, అంతే. ఆ పట్టుదలతోనే ఆమె మూడోసారి ఆస్పత్రి నుంచి వచ్చిన పదిహేను రోజులకే మళ్ళీ పనిలోకి వెళ్ళింది.

ఒక మధ్యాహ్నం జనం పలచగా ఉన్నప్పుడు ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. మనుషులనందరినీ పరీక్షించే మిషను తన యాప్రాన్‌ను ఎందుకు పరీక్షించకూడదు? యాప్రాన్ అంటే మామూలు గుడ్డ కాదు. లోపల సీసం కలిపిన రబ్బరు రేకు ఉంటుంది, అదే కిరణాలను అడ్డుకుంటుంది. కాంతమ్మ దాన్ని సీసం కోటు అంటుంది. హేమప్రియ దాన్ని రోగిని పడుకోబెట్టినట్టు బల్ల మీద పరిచి, అడ్డుగోడ వెనక్కి వెళ్ళి మీట నొక్కింది.

తెర మీద అంతా తెల్లగా రావాలి. తెల్లగానే వచ్చింది, కానీ మధ్యలో నల్లటి గీతలు. అడ్డంగా కొన్ని, నిలువునా ఒకటి. అన్నిటికంటే ముదురుగా కనిపించినది సరిగ్గా కడుపు మీదికి వచ్చే చోట ఉంది.

సెంటరులో సాయం చేసే పెరియసామి తుడుపుగుడ్డ పక్కన పెట్టి తెరలోకి తొంగి చూశాడు. ఆయనది తమిళం, ఈమెతో మాట్లాడేటప్పుడు తెలుగు కలుపుతాడు. "ఎన్నమ్మా ఇది? పట్టుచీర మడత మాదిరి ఉండాది" అన్నాడు.

హేమప్రియ అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయింది. అది పట్టుచీర మడతే. ఆ మడత ఎవరిదో కూడా ఆమెకు తెలుసు.

ఏటా ఆయుధపూజ నాడు ఎక్స్‌రే మిషనుకు గంధం పూసి, కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొడతారు. ఆ రోజు కాంతమ్మ బొరుగులూ అరటిపళ్ళూ పట్టుకుని, కోడలు పనిచేసే చోటని గర్వంగా వచ్చేది. వచ్చిన మనిషి ఊరికే కూర్చోదు కదా. కొక్కేలకు వేలాడే యాప్రాన్లను తీసి, తడిగుడ్డతో తుడిచి, పట్టుచీరల్లా మడతలు పెట్టి, మిషను ముందు పేర్చి బొట్లు పెట్టేది. "చూడు, ఎంత చక్కగా ఉండాయో! ఇట్లనే పెట్టుకోవల్ల. ఉరేసినట్ల యాలాడదీస్తారా ఎవురైనా?" అనేది. పూజ అయ్యాక కూడా కొన్నాళ్ళు అవి, వాడినప్పుడు తప్ప, అలాగే బీరువాలో మడతల్లో ఉండిపోయేవి. మడిస్తే లోపలి రేకు పగులుతుందని హేమప్రియ చదువుకునే రోజుల్లోనే చెప్పారు. కానీ అత్త అంత ప్రేమగా చేస్తుంటే వద్దని ఎలా అంటుంది? ఊరుకుంది.

గుండె మీద పెట్టుకునే బ్యాడ్జీ ఒకటి ఉంటుంది, ఒంటికి ఎంత కిరణం తగిలిందో అది చెబుతుంది. మూడు నెలలకోసారి పరీక్షకు వెళ్ళి, భయం లేదనే మాటతో తిరిగొచ్చేది. అయితే బ్యాడ్జీ ఉన్నది గుండె దగ్గర, పగులు ఉన్నది కడుపు దగ్గర. హేమప్రియకు ఇప్పుడు ఆ మాట మీద కూడా నమ్మకం పోయింది.

సాయంత్రం సెంటరు డాక్టరు గోపాలస్వామి రాగానే ఆ చిత్రం ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని, "ఎవరిదమ్మా ఈ ఎముక, ఇన్నిచోట్ల విరిగినాది?" అన్నాడు. "ఎముక గాదు సార్, మన యాప్రాన్" అంది. ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. అప్పటికప్పుడే కొత్తవాటికి ఫోన్ చేశాడు. వేలూరులో రక్తం తీసి క్రోమోజోములు చూసే పరీక్ష ఉందని, భార్యాభర్తలిద్దరూ వెళ్ళమని చీటీ రాసిచ్చాడు.

ఇంటికి వచ్చేసరికి కాంతమ్మ గుమ్మంలోనే కాచుకుని ఉంది. "రేపట్నించి నువ్వు ఆడికి పోవద్దు. పోతే నా మీద ఒట్టే. ఆ మిషను ఇంకెంతమందిని మింగల్ల?" అంది.

రోజూ ఓర్చుకునే హేమప్రియ ఆ పూట ఓర్చుకోలేకపోయింది. "మిషనును ఎందుకు తిడతారత్తా? సీసం కోటు పగిలిపోయి ఉండాది. సరిగ్గా కడుపు కాడ. మడత పెట్టి పెట్టి పగలగొట్టినారు. ఎవురు మడత పెట్టినారో మీకే తెలుసు!"

అన్నాక గానీ ఏమన్నదో తెలియలేదు. కాంతమ్మ తన రెండు చేతులూ ఒకసారి చూసుకుని, చెంగులో చుట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు కుళాయి దగ్గరికి హేమప్రియే బిందె పట్టుకుని వెళ్ళాల్సి వచ్చింది. ఆ మర్నాడూ అంతే. కాంతమ్మ గొంతు వినపడని వీధి హేమప్రియకు అస్సలు నచ్చలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది. తెలియని దాన్ని తెలిసినట్టు ఒక ముసలి మనిషి నెత్తిన పడేసింది. ఇక తేల్చుకోక తప్పదు.

భర్త జయకుమార్ తాపీ మేస్త్రి, నెమ్మదస్తుడు. "నన్నెందుకు? నేను ఆ మిషను గడప కూడా తొక్కింది లేదే" అన్నాడు.

"బిడ్డ ఇద్దరిదీ గదా. ఇద్దురం పోదాం" అంది హేమప్రియ. అతను ఇంకేమీ అనకుండా సిమెంటు చేతులు కడుక్కుని వచ్చాడు.

వేలూరులో రక్తం ఇచ్చి వచ్చాక కొన్ని వారాలు ఆగాల్సి వచ్చింది. ఎండలు ముదిరే వేళకు రమ్మని ఫోన్ వచ్చింది. ఫలితాలు విడమరచి చెప్పే దివ్య అనే ఆమె ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి, వాళ్ళు ఏ భాష అని చూసి తమిళం నుంచి తెలుగులోకి మారింది.

"ముందు మీది చెప్తానక్కా. కిరణాలు చెడగొడితే క్రోమోజోము ఒక కణంలో ఒక తావ, ఇంకో కణంలో ఇంకో తావ విరిగి కనిపిస్తాది. ఒకదానికొకటి పోలిక ఉండదు. అట్లాంటివి మీలో కొంచెం ఉండాయి. ఎవరిలోనైనా కొన్ని ఉంటాయి, మీకు కాస్త ఎక్కువ. జాగ్రత్త పడాల్సిందే, ఆ యాప్రాన్ మార్చాల్సిందే. కానీ బిడ్డలు పోయింది దానివల్ల కాదు."

"మరి?" అంది హేమప్రియ.

దివ్య జయకుమార్ వైపు తిరిగింది. "అన్నా, మీలో ప్రతి కణంలోనూ ఒకటే మార్పు ఉండాది. ప్రతిదాంట్లో ఉంటే అది పుట్టుకతో వచ్చినదని అర్థం. మధ్యలో తగిలింది కాదు." అతని ముఖం చూసి గొంతు తగ్గించింది. "రెండు చీరలు ఉండాయనుకోండి. దీని అంచు దానికి, దాని అంచు దీనికి మార్చి కుట్టేసినారు. మీ దగ్గర రెండు చీరలూ ఉండాయి కాబట్టి గుడ్డ ఏమీ తక్కువ కాలేదు, మీకే జబ్బూ లేదు. కానీ బిడ్డకు ఆ మార్చి కుట్టినవి రెండూ పోతాయో, ఒక్కటే పోతాదో తెలీదు. ఒక్కటే పోతే ఒక అంచు రెండు సార్లు, ఇంకో అంచు అసలుకే లేదు. అప్పుడు కడుపు నిలవదు. సరిగ్గా పోయినప్పుడు నిలుస్తాది. దారి మూసుకుపోలేదు, బిడ్డకు ముందే పరీక్ష చేసి చూసుకోవచ్చు."

తరువాత ఆమె అడిగింది, మీకు అమ్మానాన్నా తోడబుట్టినవాళ్ళూ ఉన్నారా అని. నాయన చెంగల్రాయలు పోయాడని, అమ్మ ఉందని, చెల్లెలు యోగితను ఆంబూరులో ఇచ్చామని జయకుమార్ చెప్పాడు. యోగిత పేరు వినగానే హేమప్రియ అడ్డుపడి మిగతాది చెప్పింది. యోగితకు పోయినేడు ఒక కడుపు పోయింది. ఇప్పుడు మళ్ళీ మూడో నెల.

"అయితే ఆలస్యం చేయొద్దు. ఆమె రక్తం వెంటనే చూడల్ల. ఆమెలో కూడా ఉంటే బిడ్డకు పరీక్ష చేసేదానికి ఒక సమయం ఉండాది, అది దాటిపోకూడదు. మీ అమ్మ రక్తం కూడా ఇస్తే మంచిది" అంది దివ్య.

తిరుగు బస్సులో హేమప్రియకు మొదట ఒళ్ళంతా తేలికయింది. నా పని నా బిడ్డల్ని చంపలేదు. ఆ మాట పదిసార్లు లోపల అనుకుంది. అంతలో పక్కన కూర్చున్న మనిషిని చూసి సిగ్గుపడింది. జయకుమార్ కిటికీలోంచి బయటికి చూస్తూ, "అయితే నేనేనా?" అన్నాడు.

"నువ్వు గాదు. నీ లోపల ఉండాది, అంతే. నువ్వేమన్నా అడిగి తెచ్చుకొన్నావా?" అని అతని చెయ్యి పట్టుకుంది. దారిలో పళ్ళికొండ ఊరు దాటేదాకా విడవలేదు.

ఇల్లు చేరగానే చెప్పులైనా విప్పకుండా హేమప్రియ అత్త ముందు కూర్చుంది. "అత్తా, ఆ దినం నేను నోరు జారినాను. మీ మడత వల్ల గాదు. తేలిపోయినాది. బిడ్డలు పోయింది దానివల్ల గాదు."

కాంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఇన్నాళ్ళూ బిగపట్టి ఉంచినదంతా ఒక్కసారి బయటపడింది. ఏడుపు ఆగాక, దివ్య చెప్పిన చీరల సంగతి కోడలు చెబుతుంటే శ్రద్ధగా విన్నది. అంతా విని ఒక్క ప్రశ్న అడిగింది. "మరి నా కొడుక్కి అది యాడ్నించి వచ్చినాది?"

"మామ నుంచో, మీ నుంచో. మీరు రక్తం ఇస్తే తెలుస్తాది. యోగి కూడా ఇయ్యల్ల, బిన్నా ఇయ్యల్ల, ఆలస్యం చేస్తే కుదరదు. ఆంబూరుకు పోయి వాళ్ళత్తతో మాట్లాడదాం."

కాంతమ్మ ముఖం మారిపోయింది. "వేండాం. వద్దు తల్లీ. నా చెయ్యే అనుకో. నేనే మడత పెట్టి చంపినానని ఊరంతా చెప్పుకో, కొళాయి తావ నేనే చెప్తా. చెయ్యి అయితే నాతోనే పోతాది. నెత్తురంటే నా బిడ్డకు గూడా అంటుకొంటాది. వాళ్ళత్త అంబుజం వదిన ఆ మాట ఇంటే యోగిని ఇంట్లో ఉండనిస్తాదా?"

హేమప్రియకు కోపం రాలేదు. ఆ తల్లి భయం ఆమెకు అర్థమైంది, అందుకే వదలకూడదని కూడా అర్థమైంది. "అత్తా, మా ఆయనకు ముందు మీకు కడుపులు పోయినాయంట గదా. ఎన్ని?"

"మూడు" అంది కాంతమ్మ. "ఆ పొద్దు మీ మామతో మట్టి తట్ట మోసేదాన్ని. తట్ట మోసి చంపుకొన్నావని మా అత్త రోజూ అనేది. నేను గూడా నిజమే అనుకొన్నా. ఇప్పటికీ అనుకొంటా ఉండా."

"యోగికి పోయినేడు పోయినప్పుడు వాళ్ళత్త ఏమన్నాది?"

"చెప్పుల ఫ్యాక్టరీలో ఆ జిగురు వాసన పీల్చినాది, అందుకే పోయినాది అన్నాది."

"మీకు తట్ట, యోగికి జిగురు, నాకు మిషను. అందురమూ చేసే పనినే అనుకొన్నాం గదత్తా. ఈసారి గూడా యోగికి పోతే మళ్ళీ జిగురే అంటారు. మీకు మాదిరే అది గూడా ముసలిదయ్యేదాకా తననే తిట్టుకొంటా ఉండాల్నా?"

కాంతమ్మ లేచి దొడ్లోకి వెళ్ళి ముఖం కడుక్కుంది. తిరిగొచ్చి గోడ మీదున్న చెంగల్రాయలు ఫోటో ముందు ఒక నిమిషం నిలబడింది. తరువాత పెట్టెలోంచి మంచి చీర తీసింది. "ఆంబూరు బస్సు ఎన్ని గంటలకు?" అంది.

యోగిత అత్తగారిల్లు పెద్దదే. అంబుజం కాఫీ ఇచ్చి, తమ కోడలు ఫ్యాక్టరీ మానేసిందని, ఈసారి ఆ జిగురు దరిదాపులకు కూడా పోనివ్వడం లేదని గొప్పగా చెప్పింది. యోగిత తలుపు పక్కన నిలబడి వదిన ముఖంలోకి చూస్తోంది. హేమప్రియ ఎలా మొదలుపెట్టాలా అని మాటలు పేర్చుకుంటూ ఉంది. అంతలో కాంతమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టింది.

"జిగురు గాదు వదినా. నా నెత్తురు."

కుళాయి దగ్గరి గొంతు అది. పక్క ఇళ్ళవాళ్ళకు కూడా వినపడి ఉంటుంది. హేమప్రియ కంగారుగా ఆమె చెయ్యి పట్టుకుని, "అత్తా, ఇంకా తెలీదు గదా, మామ తట్టు నుంచి గూడా ఉండచ్చు" అని చెవిలో అంది.

"తెలిసేదాకా నోరు మూసుకొని కూచొంటే దీని నెల దాటిపోతాది" అని కాంతమ్మ గొంతు తగ్గించకుండానే అంది. "చచ్చిపోయినోడి మీద ఎందుకు నెట్టేది? మూడు కడుపులు పోయింది నాకు. తప్పుంటే నాదే అనుకో వదినా. నా నెత్తురులో ఉండేది నా కొడుక్కి పోయినాది, నా బిడ్డకు గూడా పోయి ఉండచ్చు. ఎవురూ ఏమీ చేసి తెచ్చుకొన్నది గాదు. వేలూరులో చూస్తారు. నా బిడ్డను నాతో పంపించు, నీ మనవడినో మనవరాలినో నిలబెట్టుకొందాం. పంపించనంటే నేను ఈడ్నించి లేచేది లేదు."

అంబుజం ఏదో గట్టిగానే అనబోయింది. ఎదురుగా కూర్చున్న మనిషి నిజంగానే లేవదని ఆమెకు తెలిసిపోయింది. "నాకు ఇవన్నీ తెలీదు వదినా" అని కళ్ళు తుడుచుకుంది. "బిడ్డ నిలిస్తే చాలు. నేను గూడా వస్తా."

వేలూరులో యోగిత సూది చూసి వెనక్కి తగ్గితే, కాంతమ్మ ముందు తన చెయ్యి చాపింది. మార్పు కాంతమ్మదేనని తేలింది. యోగితలోనూ ఉంది. సమయం దాటకముందే బిడ్డకు పరీక్ష చేశారు. బిడ్డలో కూడా అంచులు మారాయి, కానీ తల్లిలో లాగే ఏదీ తక్కువ కాలేదు. దసరాకు కొన్ని రోజుల ముందు గుడియాత్తంలో యోగితకు ఆడపిల్ల పుట్టింది. గొంతు అచ్చం అమ్మమ్మదే, వీధి చివరికి వినిపిస్తుంది.

ఆ ఏడు ఆయుధపూజకు కాంతమ్మ పసిబిడ్డను యోగిత పక్కన పడుకోబెట్టి, బొరుగుల సంచీ పట్టుకుని సెంటరుకు వచ్చింది. పెరియసామి అలవాటుగా కొత్త యాప్రాన్‌ను కొక్కెం నుంచి తీసి మిషను ముందు పెట్టబోయాడు.

"సామీ! మడత పెడితే చెయ్యి ఇరిచేస్తా. యాలాడతా ఉంటే గంధం అంటుకోదా ఏంది?" అని అరిచి, వేలాడుతున్న వాటికే వరసగా బొట్లు పెట్టింది.

పూజ అయ్యేసరికి గుమ్మంలో ఒక ముసలాయన నడుం పట్టుకుని నిలబడ్డాడు. హేమప్రియకు అప్పుడు రెండో నెల. పిల్లల్ని పట్టుకునే పని ఇప్పుడు పెరియసామిది, ఆమె అడ్డుగోడ వెనకే, అక్కడ కూడా యాప్రాన్‌తోనే ఉంటుంది. గుండె మీదున్న బ్యాడ్జీకి తోడు కడుపు దగ్గర ఇంకొకటి పెట్టుకుంటుంది. బిడ్డకు పరీక్ష వచ్చే నెలలో. అది ఏమని చెబుతుందో ఎవరికీ తెలియదు, హేమప్రియకు భయం లేకపోలేదు. అయినా లేచి యాప్రాన్ అందుకుంది.

"ఆగు" అంది కాంతమ్మ. కడుపు దగ్గరి బ్యాడ్జీ సరిగ్గా ఉందా అని తడిమి చూసింది. కోటును రెండు చేతులా ఎత్తి, ఎక్కడా ముడత పడకుండా కోడలి భుజాల మీద వేసింది. వెనక్కి వెళ్ళి పట్టీలు బిగించి, గట్టిగా ఉన్నాయా అని ఒకసారి లాగి చూసింది.

"సరి, పో తల్లీ. పాపం ఆ తాత ఎంతసేపు నిలబడుకొని ఉంటాడు?" అంది.